గుమ్మటం కింద నీళ్ళ చప్పుడు

ఒక వాక్యం నిజమో కాదో తేల్చి చెప్పినందుకు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం ఒకటి ఉండేదని చెబితే, మీ వయసువారు ముందు నవ్వుతారు, ఆ తర్వాత అది నిజమేనా అని ఫోన్‌లో వెతుకుతారు. వెతకండి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను అందరినీ కోరింది అదొక్కటే.

విశాఖపట్నంలో భౌతికశాస్త్రం చదివాను. కొంతకాలం ఒక ప్రయోగశాలలో పనిచేసి, పెళ్ళయ్యాక టొరంటో వచ్చాను. ఇక్కడి ప్రయోగశాలలేవీ నా డిగ్రీని గుర్తించలేదు. చివరికి నార్త్ యార్క్‌లో, సబ్‌వే స్టేషన్‌కు సరిగ్గా పైన ఉన్న ఒక భవనంలో, ప్రయాణికుల కోసం ఆడియో గైడ్‌లు తయారుచేసే చిన్న సంస్థ నన్ను వాస్తవ పరిశీలకురాలిగా తీసుకుంది. కొత్త ఊరికో మ్యూజియానికో వెళ్ళినవారు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నడుస్తూ చూస్తూ వినే వ్యాఖ్యానమే ఆడియో గైడ్. మావి ఇంగ్లీషుతో పాటు కొన్ని భారతీయ భాషల్లోనూ వెలువడేవి. తెలుగు వాటిలో ఒకటి.

పని వివరాలతో విసిగించను. ఈ కథకు అవసరమైన ఒక్క ఆచారం మాత్రం చెప్పాలి. వ్యాఖ్యానం చేతికి రాగానే అందులోని ప్రతి వాస్తవం కింద పెన్సిల్‌తో గీత గీసి, దానికి ఆధారమేమిటో పక్కన రాసేదాన్ని. ఆధారం దొరికితే టిక్ పడుతుంది, దొరక్కపోతే వాక్యం పోతుంది. ‘అతి పెద్ద’, ‘మొట్టమొదటి’, ‘ప్రపంచంలో మరెక్కడా లేని’ వంటి మాటలు నా దగ్గర ఎక్కువ కాలం బతికేవి కావు. ఒక్క రకానికి మాత్రం మినహాయింపు ఉండేది. రచయిత తాను అక్కడ నిలబడి చూసిందీ విన్నదీ రాస్తే, పక్కన ‘స్వయంగా’ అని రాసి టిక్ పెట్టేవాళ్ళం. మనిషి కళ్ళనూ చెవులనూ ఆధారంగా ఒప్పుకోవడం శాస్త్రీయం కాదని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. అయితే ప్రతి రచయిత వెంటా ఇంకో మనిషిని పంపే స్తోమత మా సంస్థకు లేదు.

తెలుగు గైడ్‌లు రాసి, చదివేది ఒక్కరే. ఆయన హైదరాబాదులో రేడియో వ్యాఖ్యాతగా చాలాకాలం పనిచేసి వచ్చినవారు. నాకంటే కొంత పెద్ద. నేను అన్నగారూ అనేదాన్ని, ఆయన చెల్లె అనేవారు. ఎక్కడికి వెళ్ళినా ఆ చోటి చప్పుళ్ళను పట్టుకొచ్చి మాటల్లో పెట్టడం ఆయన విద్య. రేవులో పడవ ఇంజిన్ దగ్గు, మసీదు మెట్ల మీద చెప్పులు విడిచే సవ్వడి, బజారులో ఇత్తడి పళ్ళెం జారి పడి గుండ్రంగా తిరుగుతూ ఆగడం ఆయన నోట వింటే మనం అక్కడ ఉన్నట్టే ఉండేది. స్టూడియోలో రికార్డింగ్ చూసే టెక్నీషియన్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఆయన తెలుగులో అడిగితే ఆమె ఇంగ్లీషులో జవాబిచ్చేది. ఇద్దరికీ దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

నేను పెన్సిల్ పట్టుకుని ఆయన గది గుమ్మంలో నిలబడితే చాలు, చేతులు పైకెత్తేవారు.

“అయిపాయె. పోలీసొచ్చింది. ఇయ్యాల ఏం దొరికింది చెల్లె?”

“గుమ్మటం గాలిలో తేలుతోంది అని రాశారు.”

“తేల్తలేదా?”

“నాలుగు ఆధారాల మీద నిలబడింది. అవి గోడల్లో దాగున్నాయి.”

“చూసెటోనికి కనవడయి కద. తేలినట్టే ఉంటది.”

“అయితే తేలినట్టు ఉంటుందని రాయండి.”

“నీ చేతిల పడితే చందమామ కూడ ‘వెలుగుతున్నట్టు కనబడును’ అయితది,” అని నవ్వుతూ దిద్దేవారు.

ఆ గుమ్మటం అబూ ధాబీలోది. టొరంటో నుంచి హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా గల్ఫ్ మీదుగానే ప్రయాణిస్తారు. విమానం మారే చోట ఒకటి రెండు రోజులు ఆగి ఊరు చూసేవారి కోసం ఒక గైడ్ చేయాలని మా మేనేజర్ తలపెట్టింది. అందులో మూడు భాగాలు. సముద్రపు ఒడ్డున, నీళ్ళలోకి అడుగుపెట్టినట్టు కట్టిన కళా మ్యూజియం. తెల్లని పాలరాతి మీద రంగురాళ్ళతో పూలతీగలు పొదిగిన పెద్ద మసీదు. కార్ల పందేలు జరిగే సర్క్యూట్. ఆయన ఒక్కరే వెళ్ళి, తిరిగి, రికార్డర్‌లో చప్పుళ్ళు నింపుకుని వచ్చి రాశారు.

ఆ వ్యాఖ్యానం ఆయన రాసినవాటిలోకెల్లా అందమైనదని ఆఫీసులో అందరూ అన్నారు. అది అభిప్రాయం కనుక నేను టిక్ పెట్టలేదు గానీ, కాదనను. మ్యూజియం మీది గుమ్మటం పొరలు పొరలుగా అల్లిన లోహపు నక్షత్రాల జల్లెడ. ఎండ ఒక్కో పొరలో చిక్కుకుని, వడగట్టుకుని, నేల మీద నాణేలంత వెలుగు చుక్కలుగా రాలుతుంది. సూర్యుడు కదిలినకొద్దీ చుక్కలు గోడలెక్కుతాయి. ఈత ఆకుల కప్పు కింద కూర్చున్నప్పుడు ఒంటి మీద పడే ఎండ అది, అని రాశారాయన. కింద వేర్వేరు మతాల శిల్పాలూ గ్రంథాలూ ఒకే గదిలో పక్కపక్కన ఉంటాయి. అక్కడి ఒక బుద్ధుడి విగ్రహం దగ్గర ఆయనకు ఊరిమీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇది మన సూర్యాపేట దగ్గరి ఫణిగిరి శిల్పమే అని రాసేశారు. విగ్రహం లేబుల్ కనిపించేలా మ్యూజియం వారు పంపిన ఫోటో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

“గాంధార అని ఉంది అన్నగారూ.”

“ఆ పెదవులు చూడు చెల్లె, మన సూర్యాపేట మనిషి కాడా?”

“సూర్యాపేట నుంచి వచ్చినట్టు ఆధారముంటే ఇప్పుడే టిక్ పెడతాను.”

“రాయిని పాస్‌పోర్టు అడిగెటోళ్ళను నిన్నే చూసిన,” అంటూ ఆ వాక్యాన్ని కొట్టేశారు. అప్పటిదాకా అంతా మామూలుగానే సాగింది.

గుమ్మటం భాగం ఒక పేరాతో ముగుస్తుంది. ఇంత పెద్ద కట్టడం కింద ఇంత నిశ్శబ్దం తానెన్నడూ ఎరుగననీ, వెలుతురు నేల మీద పడే చప్పుడు కూడా వినిపిస్తుందేమో అనిపించిందనీ, నీళ్ళు సైతం ఊపిరి బిగబట్టి ఉన్నాయనీ దాని సారాంశం. దాన్ని మా మేనేజర్ రెండుసార్లు చదివిందట. నేను పక్కన ‘స్వయంగా’ అని రాసి ముందుకు వెళ్ళాను.

నా పెన్సిల్ ఆగింది సర్క్యూట్ దగ్గర. రేసు కార్ల ధ్వనిని ఆయన ‘పళ్ళు జివ్వుమనేంత సన్నని కేక, గాజు మీద మేకుతో గీసినట్టు’ అని రాశారు. చదవగానే నాకది సరిపడలేదు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతుందో, అందులో ఎన్ని సిలిండర్లున్నాయో తెలిస్తే దాని స్వరస్థాయిని కాగితం మీదే లెక్కగట్టవచ్చు. ఆ పందేల్లో ఇంజిన్ల నిబంధనలు మారి కొన్నేళ్ళయింది. ఇప్పటి ఇంజిన్లు చిన్నవి. మునుపటంత వేగంగా తిరగవు. వాటి గొంతు బొంగురు. పాత అభిమానులు ఆ కేక పోయిందని ఇప్పటికీ బాధపడుతుంటారు. ఆయన రాసింది ఆ పోయిన కేకను.

శాస్త్రం చదివినవారు మొదట అనుమానించేది మనిషిని కాదు, కొలతను. ఆయన తెచ్చిన రికార్డింగులు తీసి విన్నాను. అందులో కార్లు బొంగురుగానే గర్జించాయి. అంటే ఆయన అక్కడికి వెళ్ళారు, రికార్డర్ పట్టుకుని నిలబడ్డారు. రికార్డర్ ఒకటి విన్నది, ఆయన ఇంకొకటి రాశారు. అప్పుడు గుమ్మటం కింద చేసిన రికార్డింగ్ పెట్టాను. అందులో నిశ్శబ్దం లేనే లేదు. మెట్లను నీళ్ళు తాకుతూ పోతున్నాయి, మొదటి నుంచి చివరిదాకా, చప్ చప్ మని. మధ్యలో ఎవరో పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తారు. ఆయన కనీసం మూడు నాలుగు సార్లు గొంతు సవరించుకున్నారు.

అంతకు ముందు నెలల్లో గమనించినవన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి. మీటింగులో ఎప్పుడూ గోడకు ఆనుకునే కుర్చీలోనే కూర్చోవడం. మాట్లాడేవారి ముఖాన్ని రెప్పవేయకుండా చూడడం. ఫోన్ చేస్తే తీయకుండా ‘మెసేజ్ పెట్టు చెల్లె’ అనడం. ఇవేవీ ఒంటరిగా దేన్నీ రుజువు చేయవు. కలిపి చూసినా ఒక ఊహను మాత్రమే బలపరుస్తాయి. ఆ ఊహ తప్పు కావాలని నేను కోరుకున్నాను. నా ఉద్యోగంలో అలా కోరుకున్నది అప్పుడొక్కసారే.

పరిస్థితి ఇలా ఉండగా మేనేజర్ రెండు నిర్ణయాలు చెప్పింది. మొదటిది, సర్క్యూట్ రికార్డింగ్ శబ్దం హద్దుమీరి చెడిపోయింది కనుక పందెం జరిగే రోజుల్లో మళ్ళీ వెళ్ళి చేయాలి, ఆధారాలు చూడడానికి నేను కూడా వెళ్ళాలి. రెండోది, ఆ తర్వాతి గైడ్‌లు చదవడానికి కంప్యూటర్ గొంతును వాడే ఆలోచన ఉంది. ఆయన గైడ్ ఏ తప్పూ లేకుండా సకాలంలో వస్తే ఆయన గొంతుతోనే విడుదల చేస్తారు, లేదంటే దీన్ని కూడా కంప్యూటర్‌కే ఇచ్చేస్తారు. ఆ మాట మీటింగులోనే అంది. ఆయన ఆమె పెదవుల వైపు చూస్తూ తల ఊపారు.

అబూ ధాబీలో దిగిన మర్నాడు ఉదయమే మ్యూజియానికి వెళ్ళాం. ఆయన రాసిన వెలుగు చుక్కలు ఆయన రాసినట్టే ఉన్నాయి. ఒకటి నా చేతి మీద పడితే అరచేయి తిప్పి చూసుకున్నాను. ఏ నాణెమూ అంత తేలిగ్గా ఉండదు. గుమ్మటం అంచున మెట్లు నీళ్ళలోకి దిగుతాయి. ఆ మెట్ల మీద కూర్చున్నాం. మా పాదాల దగ్గర నీళ్ళు రాయిని కొడుతూనే ఉన్నాయి.

“చూసినవా,” అన్నారాయన తృప్తిగా. “ఇంత పెద్ద జాగల ఇంత నిమ్మళం ఎక్కడన్న ఉన్నదా చెప్పు. దీనిక్కూడ ఆధారం కావాల్నా?”

నేను ఆయన వైపు తిరిగి, పెదవులు స్పష్టంగా కనిపించేలా అడిగాను. “అన్నగారూ, నీళ్ళ చప్పుడు వినిపిస్తోందా?”

ఆయన నా ముఖం చూశారు. తర్వాత నీళ్ళ వైపు చూశారు. ఒక అల వచ్చి మెట్టును తాకి విరిగి వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆయన వాటిని చాలాసేపు చూశారు, తనమీద ఎవరో చెప్పిన సాక్ష్యం వింటున్నట్టు.

“ఎక్కడ పట్టుకున్నవు?”

“ఇంజిన్ల దగ్గర. మీరు రాసింది పాత ఇంజిన్ల కేక.”

“మాంట్రియల్ పందేలది,” అని చిన్నగా నవ్వారు. “ప్రతి జూన్‌ల పోతుంటి. ఆ కేక వినెటందుకే పోతుంటి చెల్లె, ఎవడు గెలిస్తే నాకేంది. ఇప్పుడు కార్లను చూడంగనే అదే వినవడ్తది. ఇక్కడ.” తల మీద వేలితో కొట్టి చూపించారు.

“ఎన్నాళ్ళయింది?”

“సన్న చప్పుళ్ళు ముందు పోయినయి. పిట్టలు, టైమర్లు, ఆడపిల్లల మాటలు. కుడిచెవి మొత్తం పోయింది. ఎడమది పోతున్నది. ఇంట్ల ఆమెకు తెల్సు, డాక్టరుకు తెల్సు. చెవికి మిషన్ ఇచ్చిండు. పెట్టుకుంటే మనిషి మాట డబ్బాల రాళ్ళేసి ఊపినట్టుంటది. నా గొంతు నాకే ఎవడిదో అనిపిస్తది.”

“ఆఫీసులో చెప్పాల్సింది కదండీ.”

“ఏమని? రేడియోవానికి చెవులు పోయినయనా?” నా పెదవుల వైపు చూస్తూ, “నువ్వు చెప్తవా?” అన్నారు.

“నేను చెప్పను. కానీ తప్పున్న వాక్యాన్ని మాత్రం వదల్లేను.”

“రెండూ ఒకటే కద చెల్లె.”

అవును, రెండూ ఒకటే. నిశ్శబ్దం పేరాను కొట్టేస్తే ఎందుకని అడుగుతారు, రికార్డింగ్ వింటారు, సంగతి తేలిపోతుంది. కొట్టేయకపోతే ఆ మెట్ల మీద కూర్చున్న ప్రతి ప్రయాణికుడూ చెవిలో నిశ్శబ్దమని వింటూ పాదాల దగ్గర నీళ్ళను వింటాడు. ఆయనకు అబద్ధమాడుతున్నానన్న భావం లేదు. ఆయనకు అక్కడ నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. అంత కచ్చితమైన ‘స్వయంగా’ నా సర్వీసులో మరొకటి లేదు.

ఆ సాయంత్రం సర్క్యూట్‌కు వెళ్ళాం. ట్రాక్ మీదుగా వంతెనలా ఒక హోటలు కట్టారు. దాని ఒంటి మీద పరచిన గాజు వల సూర్యుడు దిగిపోయాక ఊదారంగుకు మారింది. ఒక పక్క పడవల రేవు, ఇంకో పక్క స్టాండ్‌లలో జనం. గేటు దగ్గర చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్ళలు ఇచ్చారు. నేను రెండూ తీసుకున్నాను. ఆయన ఇచ్చినతని వైపు నవ్వి, వద్దన్నట్టు చేయి ఊపారు.

కార్లు వచ్చాయి. ముందు రెయిలింగ్ వణికింది. తర్వాత సీటు, తర్వాత నా పక్కటెముకలు. ఆయన రెండు అరచేతులూ రెయిలింగ్ మీద ఆన్చి, ఒక్కో కారు దాటుతుంటే నాడి చూసే వైద్యుడిలా తల వంచి నిలబడ్డారు. కార్ల గుంపు కొంచెం దూరమయ్యాక నా వైపు తిరిగారు.

“ఎట్లున్నది చెప్పు.”

“పాతవాటికంటే స్వరస్థాయి బాగా తక్కువ. మూలధ్వని దాదాపు—”

“లెక్కలొద్దు తల్లీ. నేనేం పరీక్ష రాస్తలేను. ఎట్లున్నది?”

ఇతరుల పోలికలను కొట్టేయడమే జీవితంగా బతికినదాన్ని. నా అంతట నేను ఎన్నడూ ఒక పోలిక చెప్పలేదు. చెవుల్లో బిళ్ళలు తీసేశాను. కార్లు మళ్ళీ వచ్చి వెళ్ళేదాకా విన్నాను. ఇంకోసారి విన్నాను. అంత శ్రద్ధగా నేను దేన్నీ విన్న గుర్తు లేదు.

“గ్రైండర్‌లో మినప్పిండి గట్టిపడితే రాయి తిరగలేక మూలుగుతుంది చూడండి. అలా ఉంది. మూలుగుతూనే దగ్గరికొస్తుంది. సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు కొత్త దుప్పటిని రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి చింపినట్టుంటుంది. దాటిపోయాక ఒక ఈల, చాలా సన్నగా, కుక్కర్ విజిల్ రాబోయి ఆగిపోయినట్టు.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. తర్వాతి గుంపు వచ్చినప్పుడు చేతులు రెయిలింగ్ మీదే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. గ్రైండర్, దుప్పటి, కుక్కర్. కార్లు పోయాయి.

“ఆ,” అన్నారు. “వచ్చింది.”

జనం లేచి కేకలు వేస్తున్నారు. వాళ్ళ మధ్య ఆయన ఒక్కరే కూర్చుని, జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. ఏడ్చారని నేను చెప్పను. అక్కడ చెమట కూడా పట్టే వాతావరణమే.

తిరిగొచ్చిన రోజే ఆయన మేనేజర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మొత్తం చెప్పేశారు. నా పేరు ఎత్తలేదు. ఆమె కఠినురాలని మాకందరికీ పేరు గానీ, ఆ రోజు బయటికి వచ్చి అన్నది ఒక్కటే: ఈ గైడ్ ఆయనే పూర్తి చేస్తారు, స్టూడియో ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు. ఇకముందువి ఏమవుతాయని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఆ ‘ఇకముందు’ను ఇక్కడే చెప్పేస్తాను. తర్వాతి గైడ్‌లన్నీ రాసిందీ చదివిందీ కంప్యూటరే. తప్పు చదవదు, అలసిపోదు, గొంతు సవరించుకోదు. దాని వ్యాఖ్యానాలను కూడా నేనే పరిశీలించాను. ‘స్వయంగా’ అని రాయవలసిన చోటు వాటిలో ఒక్కటీ రాలేదు. ఆయన భార్యతో కలిసి సార్నియా అనే చిన్న ఊరికి వెళ్ళిపోయారు. అక్కడి రసాయన ప్లాంటులో ఇంజనీరుగా చేసే బావమరిది ఇంటి పక్కనే ఇల్లు దొరికిందట. నేరుగా బస్సులు లేవు కనుక నేనుండే ఏజాక్స్ నుంచి కారులోనే వెళ్ళి వచ్చేదాన్ని. మొదట్లో పెదవులు చూసి మాట్లాడేవారు, తర్వాత ఫోన్ మీద టైపు చేసి చూపించుకునేవాళ్ళం. మాటల మనిషి టైపు చేయడంలో మహా పిసినారి. చివరిసారి వెళ్ళినప్పుడు, ‘మాటలు చెప్పుటకు వచ్చినవా, ఆధారాలు తెచ్చినవా’ అని టైపు చేసి నవ్వారు. గత చలికాలంలో పోయారు. గుండె.

ఇప్పుడు మీకు చెప్పాలనుకున్న రోజుకు వస్తాను.

గైడ్ రికార్డింగ్‌లో గుమ్మటం భాగం మిగిలింది. నిశ్శబ్దం పేరాను ఆయనే కొట్టేశారు. దాని స్థానంలో ఏం రాస్తారోనని ఎదురుచూశాను. కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అందులో ఇంతే ఉంది: ‘ఇప్పుడు నేను ఒక నిమిషం మాట్లాడను. ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టండి. మీరే వినండి.’ తర్వాత ఖాళీ. ఖాళీ కింద, ‘ఏం వినిపించింది?’ అనే ప్రశ్న. ఆ వెనుక సర్క్యూట్.

“దీంట్ల తప్పు పట్టు చూద్దాం,” అన్నారు.

పట్టడానికి ఏమీ లేదు. గీత గీయడానికి వాస్తవమే లేదు. పెన్సిల్ పక్కన పెట్టాను.

సంగతి అందరికీ తెలిశాక చెవి మిషన్ పెట్టుకుని వస్తున్న ఆయన, స్టూడియోలో దాన్ని తీసి జేబులో వేసుకునేవారు, హెడ్‌ఫోన్ల కింద అది ఈల వేస్తుంది కనుక. అంటే హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి దాదాపు ఏమీ వినిపించదు. అయినా పెట్టుకునేవారు. అవి లేకుండా మైకు ముందు కూర్చోవడం ఒంటి మీద చొక్కా లేనట్టుంటుందట. తన గొంతు ఎక్కడుందో తనకు తెలియదు కనుక మధ్యమధ్య అది పైకి ఎగబాకేది. నేను గాజు అద్దానికి ఇవతల నిలబడి, అరచేయి కిందికి ఆడిస్తే తగ్గించేవారు, పైకి ఆడిస్తే పెంచేవారు. నిమిషం మౌనం పూర్తయిందని కూడా నేనే చేయెత్తి చూపించాలి.

మొదటి టేక్‌లో చక్కగా చదివారు. ‘మీరే వినండి’ అని ఆగారు. టేబుల్ మీద అరచేయి ఆన్చి కూర్చున్నారు. నిమిషం గడిచింది. నేను చేయెత్తబోతుంటే ఆయనే తల అడ్డంగా ఊపారు.

“మళ్ళ చేద్దాం చెల్లె. మధ్యల ట్రైన్ పోయింది.”

“నో అంకుల్, ఇట్ వాజ్ క్లీన్,” అంది టెక్నీషియన్ అమ్మాయి, బటన్ నొక్కి, ఆయన చూసేలా తల ఊపుతూ. నేనూ ఏమీ వినలేదు. ఆయన టేబుల్ మీద వేలితో కొట్టి కిందికి చూపించారు. ఆమె తెర మీద ధ్వని రేఖను పెద్దది చేసింది. మౌనం మధ్యలో, మామూలు చెవికి అందని లోతులో, పల్చని ఉబ్బు ఒకటి లేచి దిగింది. మా కింద సబ్‌వే.

“ఓ మై గాడ్, ఆంటీ,” అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

రెండో టేక్ బాగా వచ్చింది. మౌనం పూర్తయ్యాక నేను చేయెత్తాను. ఆయన మైకుకు కొంచెం దగ్గరికి వంగి, ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగినట్టు, “ఏం వినిపించింది?” అన్నారు. గొంతు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నేను అరచేయి ఆడించనవసరం లేకపోయింది. ఆ ఊపులోనే సర్క్యూట్ కూడా చదివేశారు.

అయిపోయాక, రేడియో రోజుల నుంచీ ఉన్న అలవాటు కొద్దీ, చూపుడు వేలు గాలిలో తిప్పారు. ఒకసారి వినిపించమని.

“ఆంటీ,” అంది అమ్మాయి మెల్లగా, “హీ వోంట్ హియర్ ఎనీథింగ్.”

“పెట్టు,” అన్నాను.

ఆమె వాల్యూమ్‌ను చివరిదాకా పెంచి పెట్టింది. అద్దం అవతల ఆయన హెడ్‌ఫోన్లను రెండు చేతులా సర్దుకుని, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, ప్రతి టేక్‌నూ ఎలా వినేవారో అలాగే వినసాగారు. వాక్యాలు ఆయనకు కంఠతా వచ్చు. వేళ్ళు టేబుల్ మీద మెల్లగా వాటి వెంట నడిచాయి. వెలుగు చుక్కలు గోడలెక్కే చోట వేళ్ళు లేచాయి. ‘మీరే వినండి’ దగ్గర, మా స్పీకర్లలో ఆ మాట వచ్చిన క్షణానికి ఇంచుమించుగా, ఆగాయి.

మౌనం మొదలైంది. నిమిషం గడిచింది. మా స్పీకర్లలో ఆయన గొంతు, “ఏం వినిపించింది?” అని అడిగింది.

ఆయన వేళ్ళు కదలలేదు; కళ్ళు మూసి ఉన్నాయి కనుక నేను చేయెత్తినా కనిపించదు. గొంతు గుమ్మటం వదిలి సర్క్యూట్‌కు వెళ్ళింది. గ్రైండర్ మూలిగింది, దుప్పటి చిరిగింది. ఆయన ఇంకా ఆ నిమిషంలోనే ఉన్నారు, ముఖం మీద ఆనాడు గుమ్మటం మెట్ల మీద చూసిన తృప్తితో. అమ్మాయి ఆపబోతే చేయి పట్టుకున్నాను. గైడ్ చివరిదాకా నడిచి ఆగిపోయింది. మేమిద్దరం అద్దానికి ఇవతల నిలబడి, ఆయన కళ్ళు తెరవడం కోసం ఎదురుచూశాం.